ఏది పోతే దానితో పాటు ఏవి పోతాయి: క్లౌడ్‌లోని కస్టమర్ల డేటాకు రికవరీ ప్రణాళిక తయారుచేసిన నా అనుభవం

కొద్దిమందే పనిచేసే మా సంస్థతో ఒప్పందం కుదుర్చుకునే ముందు ఒక పెద్ద సంస్థ మాకు ఒక ప్రశ్నావళి పంపింది. మీ కస్టమర్ల సమాచారం క్లౌడ్‌లో ఉన్నట్లయితే, అది హఠాత్తుగా అందకుండా పోయిన రోజున మీరు ఎంత సమయంలో, ఏ స్థితికి తిరిగి రాగలరు, ఆ సంగతిని చివరిసారి ఎప్పుడు పరీక్షించి చూశారు అన్నది అందులోని ఒక ప్రశ్న. దానికి సమాధానం రాసే బాధ్యత నాకు అప్పగించారు. సమాధానం రాయాలంటే ముందు ప్రణాళిక అంటూ ఒకటి ఉండాలి కనుక, దాన్ని తయారుచేయడం, పరీక్షించడం కూడా నా పనే అయింది. పెద్ద సంస్థల్లో ఇలాంటి పనికి ప్రత్యేక విభాగాలు ఉంటాయి. చిన్న సంస్థలో ఇతర పనుల మధ్య ఎవరో ఒకరు చేయవలసి వస్తుంది. ఆ ఒకరికి ఉపయోగపడాలనే ఉద్దేశంతో, పని ఏ క్రమంలో సాగిందో, ఎక్కడెక్కడ ఎక్కువ ఆలోచించవలసి వచ్చిందో వివరంగా రాస్తున్నాను.

ముందుగా కస్టమర్లకు సంబంధించిన సమాచారం ఎక్కడెక్కడ ఉందో ఒక పట్టికలో రాసుకున్నాను. పేర్లు, ఫోన్ నంబర్లు, వారితో జరిగిన సంభాషణల వివరాలు చందా కట్టి వాడుకునే ఒక సీఆర్ఎం (కస్టమర్లతో వ్యవహారాలను నమోదు చేసుకునే సాఫ్ట్‌వేర్) సేవలో ఉన్నాయి. ఆర్డర్లు, వాటి ప్రస్తుత స్థితి మేమే క్లౌడ్‌లో నడుపుకుంటున్న డేటాబేస్‌లో ఉన్నాయి. ఒప్పంద పత్రాలు, ఫొటోలు, స్కాన్ చేసిన కాగితాలు ఫైల్ స్టోరేజీలోనూ, ఇన్వాయిస్‌లు అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనూ ఉన్నాయి. ఇవి ఎవరిని అడిగినా చెప్పగలిగేవే. అయితే సహోద్యోగుల పక్కన కూర్చుని, కస్టమర్ ఫోన్ చేసిన క్షణం నుంచి పని పూర్తయ్యేవరకు వారు ఏయే తెరలు తెరుస్తారో గమనించినప్పుడు మరికొన్ని బయటపడ్డాయి. కొందరికి మాత్రమే ఇచ్చే ప్రత్యేక ధరల పట్టిక ఒకరి వ్యక్తిగత డ్రైవ్‌లోని స్ప్రెడ్‌షీట్‌లో ఉంది. ఫలానా వారికి సాయంత్రమే ఫోన్ చేయాలన్న సూచనలు మెసేజింగ్ యాప్ గ్రూపులో ఉన్నాయి. చిరునామా మార్పులు కొన్ని ఈమెయిల్ దగ్గరే ఆగిపోయాయి. సాఫ్ట్‌వేర్‌ల జాబితా ముందు పెట్టుకుని మొదలుపెడితే ఇవేవీ కనబడవు. పని జరిగే తీరును వెంబడిస్తేనే కనబడతాయి.

ఆ పట్టికలో ప్రతి వరుసకూ మరికొన్ని గడులు చేర్చాను: ఈ డేటా ఏ ఖాతా కింద ఉంది, ఆ ఖాతాలోకి ఎవరి ఈమెయిల్‌తో ప్రవేశిస్తున్నాం, రెండో దశ ధ్రువీకరణ కోడ్ ఎవరి ఫోన్‌కు వస్తుంది, బిల్లు ఏ కార్డు నుంచి చెల్లుతుంది, డేటా ఎన్‌క్రిప్షన్‌లో (ఇతరులు చదవలేని రూపంలో) ఉంటే దాన్ని తెరవడానికి తాళంచెవి లాంటి కోడ్ ఏదైనా అవసరమా, అవసరమైతే అది ఎక్కడ ఉంది. గడులన్నీ నింపాక పట్టికను నిలువుగా చదివితే ఒక విషయం స్పష్టంగా కనిపించింది. డేటా అనేక చోట్ల ఉన్నా, ఆ చోట్లన్నీ ఆధారపడినవి చాలా కొద్ది. ఒకే ఈమెయిల్, ఒకే ఫోన్, ఒకే కార్డు మళ్ళీ మళ్ళీ వచ్చాయి. అక్కడి నుంచి ప్రణాళికలోని ప్రతి ఏర్పాటునూ నేను ఒకే ప్రశ్నతో పరిశీలిస్తూ వచ్చాను: ఇది పోతే, దీనితో పాటు ఇంకేవి పోతాయి?

ఈ ప్రశ్నతోనే, వివరాలు బహిరంగంగా వెలువడిన కొన్ని ప్రమాదాల గురించి చదివాను. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్‌క్లౌడ్ అనే క్లౌడ్ సేవల సంస్థ ప్రాంగణంలో అగ్నిప్రమాదం జరిగి ఒక డేటా సెంటర్ భవనం పూర్తిగా కాలిపోయింది. బ్యాకప్‌లను కూడా అదే ప్రాంగణంలో ఉంచుకున్న కొందరికి అసలూ నకలూ ఒకేసారి పోయాయి. 2014 జూన్‌లో ప్రోగ్రామర్ల కోడ్‌ను భద్రపరిచే కోడ్ స్పేసెస్ అనే సంస్థకు చెందిన అమెజాన్ క్లౌడ్ నియంత్రణ ప్యానెల్‌లోకి చొరబడిన వ్యక్తి డబ్బు డిమాండ్ చేశాడు. సంస్థ ఖాతాను తిరిగి చేజిక్కించుకునే ప్రయత్నం చేయగానే డేటానూ బ్యాకప్‌లనూ చాలావరకు చెరిపేశాడు. ఆ సంస్థ దాని నుంచి కోలుకోలేక మూతపడింది. అక్కడ ఏ భవనమూ కాలలేదు, ఏ డిస్కూ పాడవలేదు. అసలునూ నకలునూ చెరపగల అధికారం రెండూ ఒకే ప్రవేశం వెనుక ఉండడమే నష్టానికి కారణం.

ప్రోగ్రామర్ల కోడ్‌ను భద్రపరిచే మరో సంస్థ గిట్‌ల్యాబ్‌లో 2017 జనవరి 31న జరిగినది వేరే తరహాది. నిర్వహణ పనిలో ఉన్న ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్ సర్వర్‌లోని డైరెక్టరీని చెరిపారు. ఆ తర్వాత వెతికితే, ఉన్నాయనుకున్న బ్యాకప్ పద్ధతులలో ఒక్కటీ ఆశించినట్లు పనిచేయడం లేదని తేలింది. బ్యాకప్ తీసే ప్రోగ్రాము వెర్షను డేటాబేస్ వెర్షనుతో సరిపడక రోజూ విఫలమవుతోంది; విఫలమైనట్లు తెలిపే ఈమెయిల్‌లు కూడా ధ్రువీకరణ లోపం వల్ల తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. చివరికి సుమారు 6 గంటల ముందు ఒకరు చేత్తో తీసి పెట్టిన కాపీ వల్ల అప్పటివరకు ఉన్న డేటా దక్కింది. ఈ వివరాలన్నిటినీ ఆ సంస్థ దాచకుండా ఒక నివేదికలో వెల్లడించింది. నా ప్రణాళికలోని పరీక్షల భాగానికి ఆ నివేదికకు నేను ఎంతో రుణపడి ఉన్నాను. ఇక 2024 మేలో ఆస్ట్రేలియాకు చెందిన యూనిసూపర్ అనే పింఛను నిధి సంస్థకు గూగుల్ క్లౌడ్‌లో ఉన్న ప్రైవేట్ క్లౌడ్ మొత్తం ఒక అమరిక లోపం వల్ల చెరిగిపోయింది. రెండు ప్రాంతాలలో నడుస్తున్నప్పటికీ రెండూ పోయాయని ఆ రెండు సంస్థలు అప్పట్లో సంయుక్తంగా ప్రకటించాయి. 6 లక్షలకు పైగా సభ్యులు దాదాపు వారం పాటు తమ ఖాతాలను చూసుకోలేకపోయారు. వేరొక సంస్థ వద్ద ఉంచిన బ్యాకప్‌లు పునరుద్ధరణకు తోడ్పడ్డాయి. ప్రాంతాలు రెండైనా సేవ ఒక్కటే అయితే, ఆ సేవకు వచ్చిన ముప్పు రెండిటికీ వస్తుందని ఈ ఉదంతం నాకు నేర్పింది.

ఈ దశలో మా ఒప్పంద పత్రాలను కూడా శ్రద్ధగా చదివాను. క్లౌడ్ సేవల్లో యంత్రాలు, నెట్‌వర్కు, భవనాల సంరక్షణ సేవాసంస్థ బాధ్యత. అందులో పెట్టిన డేటా, దానికి ఎవరెవరికి ప్రవేశం ఇచ్చాం, దాని నకళ్లు ఎలా ఉంచుకున్నాం అన్నవి వాడుకునేవారి బాధ్యత. ఈ విభజన చాలా ఒప్పందాల్లో స్పష్టంగానే రాసి ఉంటుంది. 99.9 శాతం సమయం అందుబాటులో ఉంటామన్న హామీని లెక్కగడితే నెలకు సుమారు 43 నిమిషాలు అందుబాటులో లేకపోయినా హామీ తప్పినట్లు కాదు. తప్పినప్పుడు లభించేది కూడా సాధారణంగా బిల్లులో కొంత తగ్గింపే. పోయిన ఆర్డర్లకు గానీ, కస్టమర్ల నమ్మకానికి గానీ అది పరిహారం కాదు. అమెజాన్ ఎస్3 వంటి స్టోరేజీలు 99.999999999 శాతం మన్నిక లక్ష్యంగా రూపొందించినవని చెబుతారు. ఆ అంకె డిస్కుల వైఫల్యాన్ని ఉద్దేశించినది. మన ఖాతాలోంచి మన అనుమతితో ఎవరైనా ఫైలును చెరిపితే ఆ చెరపడం కూడా అంతే నమ్మకంగా అమలవుతుంది.

ఎంత నష్టాన్ని భరించగలమో నిర్ణయించడం ప్రణాళికలో నాకు అత్యంత ఆసక్తికరంగా అనిపించిన భాగం. దీన్ని సాంకేతిక పుస్తకాలు రెండు కొలతలుగా విడదీస్తాయి. ప్రమాదానికి ముందు ఎంతసేపటి డేటా పోయినా తట్టుకోగలమన్నది రికవరీ పాయింట్ ఆబ్జెక్టివ్. ఎంతసేపట్లో తిరిగి పనిలోకి రావాలన్నది రికవరీ టైమ్ ఆబ్జెక్టివ్. మా యజమానిని నేరుగా అడిగినప్పుడు ఆయన, "ఏదీ పోకూడదండీ, వెంటనే రావాలి" అన్నారు. ఎవరిని అడిగినా మొదట వచ్చే సమాధానం ఇదే, అది సహజం కూడా. అందుకని ప్రశ్నను మార్చి, ఒక్కొక్క రకం డేటాను పేరు పెట్టి అడుగుతూ వెళ్ళాను. నిన్న సాయంత్రం నుంచి ఈ ఉదయం వరకు వచ్చిన ఆర్డర్లు పోతే వాటిని తిరిగి ఎలా తెలుసుకుంటారు? కస్టమర్‌కు వెళ్ళిన ధ్రువీకరణ ఈమెయిల్ చూసి తిరిగి రాసుకోవచ్చా? చెల్లింపుల సంస్థ వద్ద ఉన్న లావాదేవీల జాబితాతో సరిచూసుకోవచ్చా? రెండేళ్ల కిందటి సంభాషణలు వారం రోజులు కనబడకపోతే ఏ పని ఆగుతుంది?

ఇలా అడిగితే సమాధానాలు ఒకదానికొకటి చాలా దూరంగా వచ్చాయి. ఆర్డర్ల విషయంలో 15 నిమిషాలకు మించిన నష్టాన్ని అంగీకరించలేమని, ఎందుకంటే ఫోన్‌లో నోటిమాటగా తీసుకున్న ఆర్డరుకు వేరే ఆధారం ఉండదని తేలింది. సంభాషణల చరిత్ర విషయంలో ఒక రోజు నష్టం బాధాకరమే అయినా భరించదగినది. పాత ఒప్పంద పత్రాలు తప్పనిసరిగా తిరిగి రావాలి గానీ, వెంటనే రానక్కర్లేదు. కస్టమర్ల ఫోన్లకు సమాధానం చెప్పే సహోద్యోగి ఒక మాట అన్నారు: "మొదటి గంటలో నాకు డేటాబేస్ అంతా అక్కర్లేదు. ఈ రోజు మన కోసం ఎవరు ఎదురుచూస్తున్నారో వారి పేరు, ఫోన్ నంబరు, మనం వారికి ఏం మాట ఇచ్చామో తెలిస్తే చాలు." ప్రణాళిక రూపురేఖలు ఆ మాటతో మారిపోయాయి. పెండింగ్ ఆర్డర్లు, ఆ కస్టమర్ల ఫోన్ నంబర్లు, ఇచ్చిన గడువులు ఉండే ఒక చిన్న జాబితా గంటకోసారి దానంతటదే తయారై, ప్రధాన ఖాతాకు సంబంధం లేని మరో చోట ఎన్‌క్రిప్ట్ అయి భద్రపడేలా ఏర్పాటు చేశాం. మొత్తం వ్యవస్థను తిరిగి నిలబెట్టడానికి ఒక రోజు పట్టినా, ఆ జాబితాతో అరగంటలో ఫోన్లు చేయడం మొదలుపెట్టవచ్చు. చాలా చిన్న సంస్థలకు ఖరీదైన తక్షణ పునరుద్ధరణ ఏర్పాట్లకంటే ఈ చిన్న జాబితా ఎక్కువ ఉపకారం చేస్తుందని నా గట్టి నమ్మకం.

తర్వాత నకళ్ల విషయానికి వచ్చాం. డేటాకు మూడు ప్రతులు, రెండు వేర్వేరు రకాల మాధ్యమాలలో, వాటిలో ఒకటి వేరే చోట ఉండాలన్న 3-2-1 సూత్రం చాలాకాలంగా ప్రచారంలో ఉంది. సూత్రం మంచిదే, కానీ క్లౌడ్‌లో వేరే చోటు అంటే ఏమిటో తేల్చుకోవాలి. ఇది పోతే ఇంకేవి పోతాయన్న మా ప్రశ్న ఇక్కడ అక్కరకొచ్చింది. ఒకే ఖాతాలోని మరో ప్రాంతానికి ప్రతి పంపితే అగ్నిప్రమాదం నుంచి రక్షణ దొరుకుతుంది, పాస్‌వర్డ్ దొంగతనం నుంచి దొరకదు. డేటాబేస్‌ను మరో సర్వర్‌కు ఎప్పటికప్పుడు ప్రతిబింబించే రెప్లికేషన్ యంత్రం చెడిపోయినప్పుడు ఆదుకుంటుంది, కానీ తప్పుగా చెరిపిన వరుసను క్షణాల్లో అక్కడ కూడా చెరుపుతుంది. అందువల్ల రెప్లికేషన్‌ను బ్యాకప్‌ల లెక్కలో చేర్చలేదు.

చివరికి నిలిచిన ఏర్పాటు ఇది. ప్రధాన ఖాతాలో డేటాబేస్‌ను గడచిన ఏ నిమిషానికైనా వెనక్కి తీసుకెళ్లగల సదుపాయాన్ని ఆన్ చేశాం; రోజువారీ పొరపాట్లకు అది చాలు. దానికి తోడు ప్రతి రాత్రీ పూర్తి ప్రతి ఒకటి, పగలంతా 15 నిమిషాలకోసారి ఆ తర్వాతి మార్పులు, వేరొక సేవాసంస్థ వద్ద వేరే ఈమెయిల్‌తో, వేరే కార్డుతో తెరిచిన ఖాతాకు వెళతాయి. ప్రధాన ఖాతాకు అక్కడ కొత్త ఫైలు రాసే అనుమతి మాత్రమే ఉంది, చదివే అనుమతి గానీ చెరిపే అనుమతి గానీ లేదు. అక్కడ చేరిన ప్రతి ఫైలుకూ 30 రోజుల తాళం పడుతుంది. ఆ గడువు ముగిసేలోపు నిర్వాహకుడి పాస్‌వర్డ్ చేజిక్కించుకున్నవారు సైతం దాన్ని చెరపలేరు, మార్చలేరు. రాన్సమ్‌వేర్ దాడులు (డేటాను తెరవకుండా బంధించి డబ్బు అడిగేవి) చేసేవారు ముందుగా బ్యాకప్‌లనే వెతికి నాశనం చేస్తారు కనుక ఈ తాళానికి ఎంతో ప్రాధాన్యం ఇచ్చాం. ఇలాంటి తాళాన్ని వేసేముందు గడువును జాగ్రత్తగా ఎంచుకోవాలి. కఠినమైన పద్ధతిలో ఒకసారి వేశాక గడువును పొడిగించగలమే గానీ తగ్గించలేం, ఆ స్టోరేజీ ఖర్చును అప్పటివరకు భరించవలసిందే.

ఎన్‌క్రిప్షన్ తాళంచెవుల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. బ్యాకప్ ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేయడం తప్పనిసరి, ఎందుకంటే అందులో ఉన్నది కస్టమర్ల వ్యక్తిగత సమాచారం. కానీ ఆ తాళంచెవి ప్రధాన ఖాతాలోని తాళంచెవుల సేవలోనే ఉంటే, ఖాతా పోయిన రోజున మరో చోట క్షేమంగా ఉన్న బ్యాకప్ కూడా తెరవలేని ఫైలుగా మిగులుతుంది. బీరువా తాళంచెవిని ఆ బీరువాలోనే పెట్టి మూసినట్లవుతుంది. అందుకని బ్యాకప్‌లకు వేరే తాళంచెవి తయారుచేసి, దాని ప్రతులను ఇద్దరు బాధ్యుల వద్ద, కాగితంపై కూడా ముద్రించి, సీలు వేసిన కవర్లలో ఉంచాం. రెండో దశ ధ్రువీకరణకు సంబంధించిన రికవరీ కోడ్‌లను కూడా అదే పద్ధతిలో భద్రపరిచాం.

సీఆర్ఎం సేవ విషయం ఇంత సూటిగా సాగలేదు. మనం నడుపుకునే డేటాబేస్‌కు బ్యాకప్ మన చేతిలో ఉంటుంది. చందా కట్టి వాడుకునే సాఫ్ట్‌వేర్‌లో సేవాసంస్థ తన కోసం తీసుకునే బ్యాకప్ మనకు అందుబాటులో ఉండదు. 2022 ఏప్రిల్‌లో అట్లాసియన్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థలో ఒక నిర్వహణ స్క్రిప్టు పొరపాటున 775 మంది కస్టమర్ల సైట్లను చెరిపింది. బ్యాకప్‌లు ఉన్నప్పటికీ, అందరి డేటాలోంచి ఆ కొందరి డేటాను మాత్రమే విడిగా తిరిగి నిలబెట్టే పని నెమ్మదిగా సాగి కొందరికి 14 రోజుల వరకు పట్టింది. అంత పెద్ద సంస్థకే అంత సమయం పట్టినప్పుడు, మా సీఆర్ఎం డేటాకు మా సొంత ప్రతి ఉండి తీరాలని నిర్ణయించాం.

సీఆర్ఎంలోని ఎగుమతి బటన్ నొక్కితే సీఎస్‌వీ ఫైళ్లు (పట్టికను సాదా అక్షరాలుగా ఉంచేవి) వచ్చాయి. వాటిని పరిశీలించే కొద్దీ వాటిలో లేనివి తెలిశాయి. కస్టమర్ల పట్టిక ఒక ఫైలుగా, సంభాషణలు మరో ఫైలుగా వచ్చాయి గానీ, ఏ సంభాషణ ఏ కస్టమర్‌దో కలిపే గుర్తింపు సంఖ్య ఒక దానిలో లేదు. జత చేసిన పత్రాలు రాలేదు, వాటి పేర్లు మాత్రమే వచ్చాయి. ఫైలును స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి సేవ్ చేస్తే సున్నాతో మొదలయ్యే ఫోన్ నంబర్లలో ఆ సున్నా మాయమవుతుంది. 15 అంకెలకు మించిన సంఖ్యల చివరి అంకెలు సున్నాలుగా మారిపోతాయి. తేదీల్లో రోజు, నెల తారుమారవుతాయి. తెలుగు వంటి లిపుల్లో రాసిన పేర్లు అర్థంలేని గుర్తులుగా మారవచ్చు. అందుకే ఎగుమతి ఫైలును స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి సేవ్ చేయరాదని, అన్ని లిపులనూ సరిగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఉన్నది ఉన్నట్లు భద్రపరచాలని ప్రణాళికలో నియమంగా రాశాం. బటన్‌కు బదులు ఆ సేవ అందించే ఏపీఐ (ప్రోగ్రాములు నేరుగా డేటా అడిగి తీసుకునే మార్గం) ద్వారా గుర్తింపు సంఖ్యలతో, జత పత్రాలతో సహా రాత్రిపూట డేటాను దింపుకునే ఒక చిన్న ప్రోగ్రామును రాయించాం. ఏపీఐలకు గంటకు ఇన్ని అభ్యర్థనలే అన్న పరిమితి ఉంటుంది కనుక మొదటి పూర్తి ప్రతికి చాలా సమయం పట్టింది, ఆ తర్వాత మారినవి మాత్రమే తెచ్చుకుంటే సరిపోయింది.

ఇవన్నీ సిద్ధమయ్యాక పరీక్ష పెట్టాం. ప్రధాన క్లౌడ్ ఖాతా పూర్తిగా అందకుండా పోయిందని ఊహించుకుని, అందులోని దేన్నీ ముట్టుకోకుండా, కొత్త ఖాతాలో అన్నిటినీ తిరిగి నిలబెట్టాలి. ఆ పనిని నేను చేయలేదు. ఏర్పాట్లలో పాలు పంచుకోని ఒక సహోద్యోగి ముద్రించిన ప్రణాళికను మాత్రమే చూస్తూ చేశారు. నేను పక్కన కూర్చుని, ఆయన ఎక్కడ ఆగారో రాసుకున్నాను. తయారుచేసినవారే పరీక్ష చేస్తే, కాగితం మీద లేనిది వారి జ్ఞాపకంలోంచి తెలియకుండానే వచ్చి చేరుతుంది. అప్పుడు పరీక్ష వారి జ్ఞాపకశక్తికే గానీ ప్రణాళికకు కాదు.

డేటాబేస్ పట్టికలు సజావుగా తిరిగి వచ్చాయి, కానీ డేటాబేస్‌లోని వినియోగదారుల పేర్లు, వారి అనుమతులు రాలేదు. మేం వాడే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్‌లో ఒక డేటాబేస్‌కు తీసే మామూలు బ్యాకప్‌లో వినియోగదారుల పేర్లు చేరవు, వాటిని విడిగా తీయాలి; అవి లేకపోతే అనుమతులు కూడా అమలు కావు. అప్లికేషన్ లేచింది, కానీ చెల్లింపుల సేవతో మాట్లాడడానికి కావలసిన రహస్య కోడ్‌లు ప్రధాన ఖాతాలోని అమరికల్లో ఉండిపోయాయి. మా వెబ్ చిరునామాను కొత్త సర్వర్ వైపు తిప్పడానికి డీఎన్ఎస్ రికార్డు (వెబ్ చిరునామా ఏ సర్వర్‌కు దారితీయాలో తెలిపే నమోదు) మార్చాలి. దాని గడువు 86,400 సెకన్లు, అంటే ఒక రోజు పాటు పాత చిరునామానే గుర్తుంచుకునే వీలున్నట్లు అమరి ఉంది. సర్వర్ అరగంటలో సిద్ధమైనా కొందరు కస్టమర్లు మరునాటి వరకు చేరలేరన్నమాట. ఆ గడువును 300 సెకన్లకు తగ్గించాం.

ఫైళ్ల విషయంలో లెక్క కళ్లు తెరిపించింది. సెకనుకు 100 మెగాబిట్ల లైను పూర్తి వేగంతో పనిచేసినా 1 టెరాబైటు దించడానికి 22 గంటలకు పైగా పడుతుంది. అందుకని ఫైళ్లను ఆఫీసుకు దించి మళ్ళీ ఎక్కించే పద్ధతి వదిలి, ఒక క్లౌడ్ నుంచి మరో క్లౌడ్‌కు నేరుగా పంపే విధానం రాసుకున్నాం. అందులోనూ పెండింగ్ ఆర్డర్లకు సంబంధించినవి ముందు, ఈ ఏడాదివి తర్వాత, పాతవి చివర వచ్చేలా ఫోల్డర్లను అమర్చాం.

పరీక్షలో బయటపడినవాటిలో నన్ను ఎక్కువగా ఆందోళనకు గురిచేసినది వేరే ఉంది. తిరిగి నిలబెట్టిన వ్యవస్థ లేచీ లేవగానే తన రోజువారీ పనులను తానే మొదలుపెట్టబోయింది. గడువు దాటిన బిల్లుల గురించి కస్టమర్లకు ఈమెయిల్‌లు పంపడం ఆ పనుల్లో ఒకటి. రాత్రి తీసిన బ్యాకప్ ప్రకారం బాకీ ఉన్నవారిలో కొందరు ఆ తర్వాత చెల్లించి ఉంటారు. పరీక్ష కోసం బయటి నెట్‌వర్కుకు దారి మూసి ఉంచడం వల్ల ఆ సందేశాలు ఎవరికీ వెళ్ళలేదు. నిజమైన ప్రమాదం వచ్చినప్పుడు, చెల్లించిన కస్టమర్‌కు చెల్లించలేదంటూ సందేశం పంపితే డేటా దక్కినా మర్యాద దక్కదు. బయటికి వెళ్లే ఈమెయిల్, ఎస్ఎంఎస్, చెల్లింపుల పనులన్నీ ఆపివేసిన స్థితిలోనే వ్యవస్థ లేవాలని, చెల్లింపుల సంస్థ జాబితాతో సరిచూసి ఒకరు సంతకం చేశాకే వాటిని ఒక్కొక్కటిగా తెరవాలని అప్పటికప్పుడు ప్రణాళికలో చేర్చాం. వచ్చిన డేటా సరైనదో కాదో తేల్చడానికి కూడా ఒక పద్ధతి పెట్టుకున్నాం: ముఖ్యమైన పట్టికల్లో వరుసల సంఖ్య, చివరి ఆర్డరు సమయం, అంతకుముందే కాగితంపై రాసి ఉంచిన కొందరు కస్టమర్ల పూర్తి వివరాలు. ఈ మూడూ సరిపోలితేనే పునరుద్ధరణ జరిగినట్లు లెక్క. ఇప్పుడు ప్రతి నెలా ఒక బ్యాకప్‌ను యంత్రమే తెరిచి మొదటి రెండిటినీ పోల్చుతుంది. ఫలితం విఫలమైనప్పుడే కాక సఫలమైనప్పుడు కూడా సందేశం వస్తుంది, ఆ సందేశం రాని రోజున ఏదో తేడా ఉన్నట్లు గ్రహించవచ్చు. మనుషులు చేసే పూర్తి పరీక్ష ఆరు నెలలకోసారి, ప్రతిసారీ వేరే వ్యక్తి చేతుల మీదుగా జరుగుతుంది.

మనుషులకు సంబంధించిన భాగం పుటల్లో చిన్నదే గానీ చర్చలో పెద్దది. ప్రమాదం జరిగిందని ప్రకటించే అధికారం ఎవరిది? సేవాసంస్థ కాసేపట్లో కోలుకుంటుందేమోనని ఎదురుచూస్తూ ఉండిపోవడం సులభం, అందుకే ఒక హద్దు రాశాం: గంటలోపు సేవ రాకపోతే, లేదా డేటా చెరిగిందన్న అనుమానం ఉంటే వెంటనే, ముగ్గురిలో ఎవరైనా ఒకరు ప్రకటించవచ్చు. తప్పుగా ప్రకటించినా వారిని ఎవరూ తప్పుపట్టకూడదని మా యజమాని స్వయంగా ఆ కాగితంపై రాసి సంతకం చేశారు. దాడి జరిగిందన్న అనుమానం ఉంటే తాజా బ్యాకప్‌ను తొందరపడి ఎక్కించకూడదు, దాడి ఎప్పుడు మొదలైందో తేల్చి అంతకుముందరి ప్రతిని ఎంచుకోవాలి. కస్టమర్లకు పంపవలసిన సందేశాన్ని కూడా ముందే రాసి ఉంచాం. ఐరోపా సమాఖ్యకు చెందిన జీడీపీఆర్ (వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం) వంటి చట్టాల కింద వ్యక్తిగత డేటా పోవడమూ ఉల్లంఘనే. వ్యక్తులకు ముప్పు కలిగే అవకాశం ఉంటే, విషయం తెలిసిన 72 గంటల్లోగా నియంత్రణ సంస్థకు తెలియజేయాలి. ఏ దేశపు కస్టమర్లు ఉంటే ఆ దేశపు నియమం వర్తించవచ్చు కనుక, ఎవరికి ఎంత గడువులో చెప్పాలో న్యాయవాదిని అడిగి ఒక పుటలో రాయించుకున్నాం.

అన్నిటికంటే ఆలస్యంగా తేలిన విషయం, తన సమాచారాన్ని చెరిపేయమని కోరే కస్టమర్‌ది. అలా కోరినప్పుడు అసలు డేటాబేస్‌లోంచి చెరుపుతాం, కానీ తాళం వేసిన బ్యాకప్‌లలో అది 30 రోజుల పాటు ఉంటుంది. ఆ మధ్యలో బ్యాకప్ ఎక్కించవలసి వస్తే, చెరిపామని మాట ఇచ్చిన వ్యక్తి పేరు తిరిగి ప్రత్యక్షమవుతుంది. నిర్ణీత గడువు తర్వాత బ్యాకప్‌లోంచి దానంతటదే తొలగిపోతుందని కస్టమర్‌కు ముందే స్పష్టంగా చెప్పడం ఒక భాగం. రెండో భాగంగా, చెరిపిన కస్టమర్ల గుర్తింపు సంఖ్యలను మాత్రమే, పేరు గానీ ఫోన్ గానీ లేకుండా, ఒక విడి జాబితాలో ఉంచుతున్నాం. ఆ జాబితా బ్యాకప్‌లో భాగం కాదు. దాని ప్రతి రెండో ఖాతాలో వేరుగా ఉంటుంది. పునరుద్ధరణ క్రమంలో వరుసల సంఖ్యను సరిచూసిన తర్వాత, బయటికి సందేశాలు తెరిచే ముందు, ఆ జాబితాలోని సంఖ్యలన్నిటినీ మళ్ళీ చెరిపే అంచె ఒకటి ఉంది. ఒక సంఖ్య ఆ జాబితాలో చేరి 30 రోజులు దాటి, ఏ బ్యాకప్‌లోనూ ఆ కస్టమర్ లేరని ధ్రువపడ్డాక ఆ సంఖ్యను కూడా తీసివేస్తాం. తర్వాతి పూర్తి పరీక్షలో సరిచూడవలసిన అంశాల్లో దీన్ని మొదటి వరుసలో చేర్చి, ప్రశ్నావళికి సమాధానాన్ని పరీక్ష తేదీతో సహా పంపాం.